రాముడి టంకశాల ఎక్కడుంది?

రాయ్‌పూర్‌లో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. 1931లో విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు మార్గం పూర్తయింది. అప్పటినుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జనం పనుల కోసం ఇటు వస్తూనే ఉన్నారు. మా నాన్న కూడా అలా వచ్చినవాడే. మా వీధిలోనే ఒక పెద్దాయన ఉంటాడు. వరసకి నాకు మావయ్య అవుతాడు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఎవరి జోలికీ పోడు, ఎవరి దగ్గరా అప్పు చెయ్యడు. ఆయన గురించి ఈ వ్యాసం రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. చివరికి ఆయన్నే అడిగాను. "పేరు రాయకు, మిగతాది రాసుకో. ఇంకొకడైనా బాగుపడతాడు" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

ఒక రోజు పొద్దున్నే మావయ్య ఫోన్ చేసి, "అల్లుడూ, నువ్వు సైన్సు చదివినవాడివి కదా, ఒక వస్తువు చూసి చెప్పాలి, సాయంత్రం రా" అన్నాడు. వెళ్ళాను. ముందు గదిలో తెల్ల చొక్కా వేసుకున్న ఒకతను కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఎర్ర గుడ్డ, దాని మీద రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దదైన ఒక నాణెం. ఒకవైపు రాముడు, సీత, లక్ష్మణుడు, కింద హనుమంతుడు. రెండోవైపు విల్లు పట్టుకున్న అన్నదమ్ములు, చుట్టూ నాగరి అక్షరాలు. "ఇది రామరాజ్యంలో చలామణీ అయిన నాణెం. త్రేతాయుగం నాటిది. ఇందులో ఇరిడియం ఉంది. బియ్యాన్ని లాగుతుంది. అమెరికాలో నాసావాళ్ళు ఉపగ్రహాల్లో వాడడానికి కోట్లు పెట్టి కొంటున్నారు" అన్నాడతను. "రాముడి తల్లి కౌసల్య మన కోసల దేశం ఆడపడుచు. అల్లుడు అత్తగారి ఊరికి పంపిన సొమ్ములోది ఇది" అని కూడా కలిపాడు. కౌసల్య ఆడపడుచైతే రాముడు మేనల్లుడవుతాడు గానీ అల్లుడెలా అవుతాడు? ఆ వరస కూడా అతనికి సరిగ్గా తెలియదు!

ఈ ప్రాంతం తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఛత్తీస్‌గఢ్‌ని పూర్వం దక్షిణ కోసల అనేవారు. రాయ్‌పూర్‌కి దగ్గర్లో చంద్‌ఖురీలో కౌసల్య గుడి ఉంది. ఇక్కడి జనం రాముణ్ణి "భాంచా", అంటే మేనల్లుడు, అంటారు. మేనల్లుడి కాళ్ళకి మేనమామలే దండం పెట్టే ఆచారం ఇక్కడ ఇప్పటికీ ఉంది. అందమైన ఆచారమే, నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఎక్కడ ప్రేమ ఉంటుందో అక్కడే మోసగాడు దుకాణం పెడతాడు. అతనికి అమ్మడానికి సరుకు ఏదైనా ఒకటే, కొనేవాడికి ఏది నచ్చుతుందో అది తెస్తాడు.

ఆ నాణెం గురించి మావయ్యకి అప్పుడు చెప్పింది కొంత, చెప్పలేకపోయింది కొంత. అంతా ఇక్కడ వరసగా చెబుతాను.

ముందు కాలం లెక్క చూద్దాం. ఈ లెక్క నాది కాదు, వాళ్ళదే. పురాణాల ప్రకారం ద్వాపరయుగం 8,64,000 ఏళ్ళు. కలియుగం క్రీస్తు పూర్వం 3102లో మొదలైందంటారు, అంటే అయిదు వేల పైచిలుకు ఏళ్ళు గడిచాయి. రెండూ కలిపితే త్రేతాయుగం అయిపోయి సుమారు 8,69,000 ఏళ్ళు. మనలాంటి మనుషుల ఎముకల్లో ఇప్పటిదాకా దొరికిన అతి పాతవాటి వయసు సుమారు మూడు లక్షల ఏళ్ళు. మనిషి రాగిని కరిగించడం నేర్చి ఏడెనిమిది వేల ఏళ్ళు దాటలేదు. అంటే ఆ బల్ల మీద ఉన్నది రాగి కరిగించడం తెలియని కాలపు నాణెం. ఇంకా చెప్పాలంటే, మనలాంటి మనిషే లేని కాలపు నాణెం. మరి దాన్ని పోత పోసిందెవరు? దానితో ఉప్పూ పప్పూ కొన్నదెవరు?

రెండోది అక్షరాలు. మన దేశంలో మనం చదవగలిగిన పాత లిపి బ్రాహ్మి. అశోకుడి శాసనాలు క్రీస్తు పూర్వం మూడో శతాబ్దానివి. ఆ బ్రాహ్మి మారి మారి, వెయ్యేళ్ళు దాటిన తర్వాత గానీ నాగరి అక్షరాలకి ఇప్పటి రూపం రాలేదు. మావయ్య ఇంట్లోని నాణెం మీద ఉన్న అక్షరాలు ఈ రోజు ఏ హిందీ పత్రికలోనైనా చదువుకునేలాంటివి. రామరాజ్యంలో హిందీ పత్రికల అచ్చు అక్షరాలు వాడేవారని ఒప్పుకుంటే తప్ప ఈ నాణేన్ని నమ్మలేం.

మూడోది అసలు నాణెం అన్న ఆలోచన. ప్రపంచంలో తొలి నాణేలు క్రీస్తు పూర్వం ఏడో శతాబ్దంలో లిడియాలో, అంటే ఇప్పటి టర్కీలో పుట్టాయి. మన దేశంలో క్రీస్తు పూర్వం ఆరు, అయిదు శతాబ్దాల ప్రాంతంలో వెండి విద్ధాంక నాణేలు వచ్చాయి. వెండి రేకుని ముక్కలుగా కోసి, వాటి మీద సూర్యుడు, కొండ, చెట్టు, ఏనుగు లాంటి గుర్తులు కొట్టేవారు. వాటి మీద ఒక్క అక్షరం కూడా ఉండదు, ఏ రాజు పేరూ ఉండదు. దొరికిన నాణేల్లో కోసల దేశపువీ ఉన్నాయి. వాటి మీదా రాముడి పేరు లేదు.

"అయితే రాముడి బొమ్మ ఉన్న నాణేలే లేవా?" అని మీరు అడగొచ్చు. ఉన్నాయి! తళ్ళికోట యుద్ధం తర్వాత పెనుకొండ నుంచి పాలించిన తిరుమల దేవరాయలు వేయించిన బంగారు వరహా మీద సీతారాములు కూర్చుని ఉంటారు, పక్కన లక్ష్మణుడు నిలబడి ఉంటాడు. అక్బరు 1604-05లో విల్లు పట్టుకున్న రాముడు, వెనక సీత ఉన్న నాణేలు కొట్టించాడు. వాటి మీద నాగరిలో రామసియ అని ఉంటుంది. ఇవన్నీ చరిత్ర. రాముణ్ణి నమ్మిన రాజులు, లేదా రాముణ్ణి నమ్మే ప్రజల్ని మెప్పించాలనుకున్న రాజులు వేయించిన నాణేలు. అవి రాముడి టంకశాలలోంచి వచ్చినవి కావు.

మరి ఆ బల్ల మీద ఉన్నదేమిటి? దాన్ని రామటంకా అంటారు, మన పాత తెలుగులో రామటెంకి. అది నాణెమే కాదు. గుళ్ళ దగ్గర, తీర్థాల దగ్గర యాత్రికులు కొనుక్కుని దేవుడి గదిలో పెట్టుకునే బిళ్ళ. కొన్ని పాతవి, బంగారంతో, వెండితో చక్కగా చేసినవి ఉన్నాయి. ఎక్కువ భాగం ఇత్తడివి. వాటి మీద పాతగా కనిపించడానికి ఏదో ఒక సంవత్సరం కూడా వేస్తారు. వాటిని చేసినవాడు మోసగాడు కాడు, కొన్న భక్తుడు మోసపోలేదు. తిరుపతి నుంచి దేవుడి పటం తెచ్చుకున్నట్టే అది. ఆ బిళ్ళని పటంలా కాకుండా రామరాజ్యపు నాణెంగా, కోట్ల సరుకుగా అమ్మినప్పుడే మోసం మొదలవుతుంది.

మన తెలుగువాళ్ళకి రామమాడల కథ ఉండనే ఉంది. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడు. తానీషా, అంటే గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, ఆయన్ని చెరలో పెట్టాడు. రామలక్ష్మణులు మారువేషంలో రాత్రివేళ వచ్చి ఆరు లక్షలూ చెల్లించి రసీదు తీసుకున్నారట. అబుల్ హసన్ 1672 నుంచి 1687 వరకు పాలించాడు. గోపన్న చరిత్రలో ఉన్న మనిషి. ఆయన పాటలు నాకూ ఇష్టమే, మా అమ్మ పాడేది. కానీ చిన్న లెక్క వేద్దాం. వరహా బరువు సుమారు 3.4 గ్రాములు. ఆరు లక్షల వరహాలంటే 2,040 కిలోలు. రెండు టన్నుల బంగారం! ఇద్దరు మనుషులు ఒక రాత్రిలో మోసుకొచ్చారు. దేవుళ్ళు కదా, మోస్తారు అంటారా? సరే. మరి అన్ని లక్షల నాణేలు గోల్కొండ ఖజానాలో చేరితే, తర్వాత బజారులో, కుండల్లో, పొలాల్లో వేలకొద్దీ దొరకాలి కదా. నిజమైన నాణేలు అలాగే దొరుకుతాయి. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో ఒకే చోట 13,250 వెండి నాణేలు దొరికాయి. అందులో తొమ్మిది వేలకి పైగా నహపాణుడి నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్ళీ కొట్టించాడు. ఎవరు ఎవర్ని ఓడించారో చెప్పడానికి ఏ పురాణమూ అక్కర్లేదు, ఆ నాణెం చాలు. చరిత్ర అంటే అది.

కరీంనగర్ వైపు గోదావరి ఒడ్డున కోటిలింగాల కథ ఇంకా గొప్పది. అక్కడ మట్టిలో దొరికిన చిన్న చిన్న నాణేల్ని ఓపిగ్గా ఏరి, చదివి చూస్తే గోబద, నారన, కంవాయసిరి, సమగోప అన్న పేర్లు బయటపడ్డాయి. ఏ పురాణమూ చెప్పని రాజులు వాళ్ళు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి లాంటి పండితులు వాటిని చదివి లోకానికి చెప్పేదాకా వాళ్ళు ఉన్నారనే ఎవరికీ తెలియదు. ఒకవైపు అందరూ విన్న రాజు, ఆయన నాణెం ఒక్కటీ లేదు. ఇంకోవైపు ఎవరూ వినని రాజులు, వాళ్ళ నాణేలు అరచేతిలో ఉన్నాయి. మన పిల్లలకి ఈ రెండో రకం రాజుల గురించి ఎంతమందిమి చెప్పాం?

ఇప్పుడు మళ్ళీ మావయ్య ముందు గదిలోకి వద్దాం. నేను వెళ్ళేటప్పుడు పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్ళాను. తెల్ల చొక్కా అతను తన సంచిలోంచి చిన్న పొట్లం తీసి బియ్యం గింజలు ఎర్ర గుడ్డ మీద చల్లాడు. నాణెం దగ్గరికి జరిపాడు. నాలుగైదు గింజలు కదిలాయి, రెండు అతుక్కున్నాయి. అత్తయ్య లోపలి నుంచి చూస్తూ రెండు చేతులూ జోడించింది. నేను వంటింట్లోకి వెళ్ళి అత్తయ్య డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తెచ్చి పక్కన పోశాను. "ఈ బియ్యాన్ని లాగమనండి" అన్నాను. ఒక్క గింజ కదల్లేదు. "ఆ బియ్యం శుద్ధి చెయ్యాలి" అన్నాడతను. "అయితే మీ బియ్యాన్నే చూద్దాం" అని నా అయస్కాంతాన్ని అతని పొట్లం మీద పెట్టాను. గింజలు ఎగిరి అయస్కాంతానికి పట్టుకున్నాయి. అంతే! బియ్యానికి ఇనుప పొడి పట్టించి ఆరబెడతారు. బిళ్ళ లోపల అయస్కాంతం దాస్తారు. మహిమ అంతా ఆ పొట్లంలో ఉంది, నాణెంలో లేదు.

ఇరిడియం సంగతి కూడా చెప్పాలి. ఇరిడియం నిజంగానే ఉన్న లోహం, ప్లాటినం జాతిది, చాలా ఖరీదైనది. కానీ అది బియ్యాన్ని లాగదు. దాని సాంద్రత 22 పైన ఉంటుంది, రాగి సాంద్రత 9 లోపు. అంటే అదే సైజు రాగి బిళ్ళ కంటే ఇరిడియం బిళ్ళ రెండున్నర రెట్లు బరువు తూగాలి. కంసాలి త్రాసు, నీళ్ళు పోసిన గీతల గ్లాసు ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నాసా దాకా పోనక్కర్లేదు.

అతను నాణెం గుడ్డలో చుట్టుకుని లేచాడు. "నమ్మకం లేనివాళ్ళ ముందు శక్తి పనిచెయ్యదు" అని వెళ్ళిపోయాడు. నేను గెలిచానని అనుకున్నాను. మావయ్య వైపు తిరిగాను. ఆయన ముఖం చూసి నాకు నోట మాట రాలేదు. అప్పటికే అరవై వేలు అడ్వాన్సు ఇచ్చేశాడట.

"ఇంటికొచ్చిన లక్ష్మిని తరిమేశావు అల్లుడూ" అన్నాడు.

తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నెలలో అతన్ని వేరే ఊళ్ళో, ఒక లాడ్జిలో మళ్ళీ కలిశాడని, "టెస్టింగు ఖర్చుల" కింద ఇంకో లక్షా నలభై వేలు ఇచ్చాడని చాలా తర్వాత అత్తయ్య చెప్పి ఏడ్చింది. మొత్తం రెండు లక్షలు. కూతురి పెళ్ళి కోసం దాచిన డబ్బు. పెళ్ళి ఆగలేదు, అప్పు చేసి చేశారు. ఆ అప్పు ఆయన పెన్షన్‌లోంచి ఇంకా కడుతున్నారు.

ఇక్కడ నన్ను నేను ప్రశ్నించుకోవాలి. నేను ప్రయోగంలో గెలిచాను, మనిషిని పోగొట్టుకున్నాను. ఎందుకు? ఆ రోజు నేను అయస్కాంతం తీసినప్పుడు నా ముఖంలో నవ్వుంది. ఆయన ఇంట్లో, ఆయన భార్య ముందు, ఆయన్ని తెలివితక్కువవాడిగా నిలబెట్టాను. తెల్ల చొక్కా అతను మాత్రం ఆయన్ని "బాబూజీ" అని పిలిచాడు, కాళ్ళకి దండం పెట్టాడు, కూతురి పెళ్ళి గురించి అడిగాడు. ఇద్దర్లో ఎవర్ని నమ్మాలనిపిస్తుంది? మన హేతువాదులం చాలామందిమి ఈ పాఠం ఇంకా నేర్చుకోలేదు. వాదనలో ఓడిపోయిన మనిషి మారతాడనుకుంటాం. ఓడిపోయిన మనిషి దాక్కుంటాడు. దాక్కున్న మనిషే మోసగాడికి కావలసినవాడు.

సంధి కుదిరిన తర్వాత ఒక రోజు మావయ్య నన్నొక ప్రశ్న అడిగాడు. చదువుకున్నవాళ్ళు కూడా అడగని ప్రశ్న. "సరే అల్లుడూ, రాముడి బిళ్ళ ఉత్త నమ్మకమే అన్నావు. మరి ఈ అయిదు వందల నోటు ఏటి? ఇదీ కాగితమే కదా. 2016లో ఒక్క రాత్రిలో పాత నోటు చెల్లదన్నారు. నమ్మకం పోయింది, నోటు చిత్తుకాగితమైపోయింది. నీ నమ్మకానికీ నా నమ్మకానికీ తేడా ఏటి?"

నిజం చెప్పాలంటే నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. డబ్బు అంటే నమ్మకమేనన్న మాట అబద్ధం కాదు. కంపెనీ పాలనకి ముందు ఇదే ఛత్తీస్‌గఢ్‌లో సముద్రపు గవ్వలు డబ్బుగా చలామణీ అయ్యేవి. సముద్రమే లేని ఊళ్ళో, ఎక్కడో మాల్దీవుల నుంచి వచ్చిన గవ్వలకి బియ్యం ఇచ్చేవారు. మనం ఇప్పటికీ "చిల్లిగవ్వ లేదు" అంటున్నాం కదా, ఆ గవ్వే ఇది. గవ్వలో ఏ మహిమా లేదు. పది మందీ పుచ్చుకుంటారన్న భరోసా మాత్రం ఉంది.

తేడా అక్కడే ఉంది. నోటుని నేను నమ్మినా నమ్మకపోయినా జైస్తంభ్ చౌక్‌లో టీ కొట్టువాడు పుచ్చుకుంటాడు. నేను దేవుణ్ణి తిట్టుకుంటూ ఇచ్చినా పుచ్చుకుంటాడు. దొంగనోటైతే బ్యాంకువాడు అందరి ముందూ చెబుతాడు. నోటు రద్దు చేస్తే ఎవరు చేశారో, ఏ తేదీన చేశారో మనకి తెలుసు, వాళ్ళని నిలదీసి అడగొచ్చు, తిట్టొచ్చు, ఓటుతో దించొచ్చు. రాముడి బిళ్ళని ఈ ప్రపంచంలో పుచ్చుకునేవాడు ఒకే ఒక్కడు, ఎప్పటికీ రాని ఆ నాసా మనిషి. పరీక్షకి నిలబడదు, నిలబడకపోతే తప్పు నీ మీదే వేస్తుంది. అడిగేవాడు ఉంటే పనిచెయ్యనిది నమ్మకం కాదు, వల. ఇది నేను చెప్పింది. మావయ్య కాసేపు ఆలోచించి, "అవును, ఆడి బిళ్ళని ఆడే టీ కొట్టులో ఇవ్వలేదు" అన్నాడు. నా ఉపన్యాసమంతటి కంటే ఆ ఒక్క మాట మేలు.

ఈ మోసానికి ఇంకో రూపం కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1616 అనో 1717 అనో 1818 అనో వేసి, హనుమంతుడి బొమ్మతో వచ్చే "ఒక అణా" బిళ్ళలు. కంపెనీ దేవుళ్ళ బొమ్మలు వెయ్యలేదని కొందరు మన మిత్రులు వాదిస్తారు. అది తప్పు. మద్రాసులో కంపెనీ వేంకటేశ్వరుడూ ఇద్దరు దేవేరులూ ఉన్న పగోడాలు కొట్టింది. 1808 ప్రాంతంలో విష్ణువు బొమ్మతో, తమిళ, తెలుగు అక్షరాలతో వెండి నాణేలు కూడా కొట్టింది. కాబట్టి మన వాదన సరైన చోట ఉండాలి. 1616లో కంపెనీవాళ్ళ తరఫున థామస్ రో జహంగీరు దర్బారులో వ్యాపారానికి అనుమతి కోసం పడిగాపులు కాస్తున్నాడు, మన దేశంలో నాణేలు కొట్టే స్థితి కాదది. 1835 చట్టంతో కంపెనీ దేశమంతటికీ ఒకే నాణేలు తెచ్చింది. అందులో రాగివి అర్ధణా, పావు అణా, అణాలో పన్నెండో వంతు. విడిగా ఒక అణా బిళ్ళ 1907లో ఎడ్వర్డు రాజు పేరుతో, రాగి నికెలు కలిపిన లోహంతో వచ్చింది. 1818లో బ్రిటిషువాళ్ళు ఛత్తీస్‌గఢ్ పాలన చేతిలోకి తీసుకున్నారు. ఆ ఏడు రాయ్‌పూర్ రైతు మొలలో గవ్వలుంటాయి, నాగపూర్ భోంస్లేల రూపాయి ఉంటే ఉండొచ్చు. హనుమంతుడి అణా ఉండే అవకాశమే లేదు.

అసలు విషాదం ఇప్పుడు చెబుతాను. హనుమంతుడి బొమ్మ ఉన్న నిజమైన నాణెం ఉంది, అదీ ఈ ఛత్తీస్‌గఢ్ గడ్డ మీద కొట్టినదే! రతన్‌పూర్ కలచురి రాజు జాజల్లదేవుడు పన్నెండో శతాబ్దం మొదట్లో వేయించిన రాగి నాణేల మీద హనుమంతుడు ఉన్నాడు. ఆయన బంగారు నాణేల మీద ఏనుగు మీదికి దూకుతున్న సింహం, వెనక నాగరిలో రాజు పేరు. అంతకంటే ముందు, అయిదారు శతాబ్దాల్లో శరభపురీయ రాజుల కాలంలో, పల్చటి బంగారు రేకు మీద వెనక నుంచి ఒత్తి, గరుడుణ్ణీ శంఖచక్రాల్నీ తేల్చిన నాణేలు వచ్చాయి. ఒకవైపే బొమ్మ ఉంటుంది. వాటి మీద ప్రసన్నమాత్రుడి పేరు, మహేంద్రాదిత్యుడి పేరు ఉన్నాయి. ఈ మహేంద్రాదిత్యుడు ఇక్కడి రాజా, లేక ఆ బిరుదే ఉన్న గుప్త చక్రవర్తి మొదటి కుమారగుప్తుడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. బస్తర్‌లో కొండగావ్ వైపు ఎడెంగాలో 1939లో నల రాజుల బంగారు నాణేలు దొరికాయి, వాటి మీద పడుకున్న నంది, నెలవంక. ఇన్ని నిజాలు కాళ్ళ కింద ఉండగా మన జనం లేని రాజ్యపు నాణెం కోసం పెళ్ళి డబ్బులు తగలేస్తున్నారు.

మావయ్యని ఒక ఆదివారం మహంత్ ఘాసీదాస్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. 1875లో రాజ్‌నందగావ్ రాజు మహంత్ ఘాసీదాస్ పెట్టించిన మ్యూజియం అది. ఇప్పటి భవనాన్ని 1953లో రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ముప్పై ఏళ్ళకి పైగా ఈ ఊళ్ళో ఉండి మావయ్య ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు. శాసనాల ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత బయట చెట్టు కింద కూర్చుని, నేను తెచ్చిన పుస్తకంలో జాజల్లదేవుడి హనుమంతుడి నాణెం ఫొటో చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "అరిగిపోయింది" అన్నాడు. "చాలా చేతులు మారింది మావయ్యా, నిజంగా చలామణీ అయింది కదా" అన్నాను. "ఆడి బిళ్ళ కొత్తగా మెరిసేది. అప్పుడే అనుమానం రావాల్సింది" అన్నాడు. ఈసారి నేను నవ్వలేదు.

పోలీసులకి ఫిర్యాదు చెయ్యమని చాలాసార్లు చెప్పాను. ఇది పాత చట్టంలో 420, ఇప్పటి న్యాయ సంహితలో 318. ఆయన ఒప్పుకోలేదు. "స్టేషన్లో రాసుకుంటారు, పేపర్లో వేస్తారు, అల్లుడిగారి ఇంట్లో తెలుస్తుంది" అన్నాడు. మోసగాడి అసలు పెట్టుబడి ఇదే. భక్తి కాదు, దురాశ ఒక్కటే కూడా కాదు, మన సిగ్గు. పురాతన నాణెం అమ్మడానికి లైసెన్సు కావాలని 1972 పురావస్తు చట్టం చెబుతుంది. భూమిలో పది రూపాయల పైన విలువైన నిధి ఏది దొరికినా కలెక్టరుకి చెప్పాలని 1878 చట్టం చెబుతుంది. ఈ చట్టాల్ని చూపించి కూడా మోసగాడు బెదిరిస్తాడు. "బయట చెబితే నువ్వూ ఇరుక్కుంటావు" అంటాడు. కొన్న బిళ్ళ నిన్నటి ఇత్తడి కాబట్టి నువ్వు పురావస్తువు కొన్నవాడివి కావు, మోసపోయినవాడివి. భయపడవద్దు, ఫిర్యాదు చెయ్యండి.

శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. ఆ మాట మనం సభల్లో వందసార్లు చెబుతాం. దాన్ని వీధిలో ఎలా చెయ్యాలో నాకు తోచినవి చెబుతాను. ఒకటి, మీ వీధిలో ఎవరి దగ్గరైనా ఇలాంటి బిళ్ళ ఉందని తెలిస్తే ముందు వాళ్ళతో ఒంటరిగా మాట్లాడండి, పది మందిలో పరీక్ష పెట్టకండి. రెండు, వాళ్ళ బియ్యం కాకుండా మీ ఇంటి బియ్యం వాడమనండి. ఆ ఒక్క మాటతో సగం కేసులు తేలిపోతాయి. మూడు, డబ్బు ఇచ్చేసినవాళ్ళని తప్పుపట్టకండి, రెండోసారి ఇవ్వకుండా ఆపండి. మొదటి అరవై వేలు పోయినందుకు కాదు, ఆ అరవై వేలు వెనక్కి రావాలన్న ఆశతోనే మావయ్య తర్వాతి లక్షా నలభై వేలు పోగొట్టుకున్నాడు. నాలుగు, పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్ళండి.

ఛత్తీస్‌గఢ్‌ని ధాన్ కా కటోరా అంటారు, వరి ధాన్యపు గిన్నె అని. ఇక్కడ బియ్యాన్ని నేలలోంచి లాగింది రైతు చేతులు. ఏ నాణెమూ లాగలేదు.

మావయ్య ఇప్పుడు వారానికోసారి మా ఇంటికి వస్తున్నాడు. మొన్న వచ్చినప్పుడు వాళ్ళ పాత ఆఫీసు మిత్రుడొకాయన్ని వెంట తెచ్చాడు. ఆయన జేబులో ఒక పొట్లం ఉంది. "ఈయనకి చెప్పు అల్లుడూ. నెమ్మదిగా చెప్పు" అన్నాడు.